నక్కలగెడ్డకు ఇన్‌వార్డు నంబరు

లెంక పైడిరాజు రాసిన ప్రోగ్రాము నాలుగు సెకన్లలో పని ముగించింది. కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

సర్కారు కొలువులో ఒక పనికి నాలుగు నెలలు పడితే పరిశీలన అంటారు. నాలుగేళ్ళు పడితే ప్రగతి అంటారు. నాలుగు సెకన్లలో అయిపోయినదాన్ని ఏమనాలో ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేనిదాన్ని అనుమానించడం ఉద్యోగధర్మం.

ఆ కొలువు పేరు రాష్ట్ర జలమట్టాల పర్యవేక్షణ సంచాలకాలయం. రాష్ట్రంలో వాగులకూ గెడ్డలకూ అడ్డంగా, నేలబారుగా కట్టిన కాజువేలు రెండు వందల పద్నాలుగు దాని ఏలుబడిలో ఉన్నాయి. వానాకాలంలో నీళ్ళు కాజువే ఎక్కడం, తెలియక ఏ ఆటోనో దిగడం, కొట్టుకుపోవడం, ఆ తర్వాత ఒక కమిటీ వచ్చి గట్టున నిలబడి ఫొటో దిగడం ఏటా జరిగే తంతు. ఈ తంతు ఆపాలని కొత్తగా వచ్చిన డైరెక్టరు చైతన్యవర్మ గారు కంకణం కట్టుకున్నారు. ఆయనకు ‘రియల్ టైమ్’ అన్న మాటంటే ప్రాణం. టీ తెమ్మన్నా రియల్ టైమ్‌లో తెమ్మనేవారు.

ఆయన హుకుం మీద ప్రతి కాజువే దగ్గరా నీటిమట్టం కొలిచే గేజి పెట్టారు. అది ఐదు నిమిషాలకోసారి అంకెను పంపి క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న పెద్ద కంప్యూటర్లలో, దాచిపెడుతుంది. ఇటు ఆఫీసులో గ్రాఫులు గీసే విశ్లేషణ సాఫ్ట్‌వేరు ఒకటి కొన్నారు. మట్టం ఎర్రగీత దాటితే అక్కడ సైరన్ మోగించి, ఇనపగేటు దింపడం కూడా దానికి తెలుసు. అటు అంకెలున్నాయి, ఇటు తెలివుంది. మధ్యలో దారి లేదు. ఆ దారి వెయ్యడానికి కాంట్రాక్టు మీద తీసుకున్న కుర్రాడే పైడిరాజు. లెంకవారింట బడి గడప దాటి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం తప్ప వేరే విద్య తెలియనివాడు.

“ఏటి సేస్తన్నావురా బాబూ అక్కడ?” అని ఫోనులో తండ్రి అప్పలస్వామి అడిగాడు.

“కనెక్టరు రాస్తన్నాను నాన్నా. కంటైనర్లో పెట్టి.”

“అంటే?”

“క్యారేజీ అనుకో. అమ్మ కట్టిన క్యారేజీ పొలంలో ఇప్పినా, గెడ్డగట్టున ఇప్పినా లోపల కూర అదే కదా. అలాగ ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ ఒకే దాంట్లో సర్దీసి మూత పెట్టీస్తాం. ఏ కంప్యూటరు మీద ఇప్పినా ఒకేలాగ పనిచేస్తాది. గేజీ పంపిన అంకెని క్లౌడ్ నుంచి పడింది పడినట్టు పట్టుకుని సాఫ్ట్‌వేర్లో పోస్తాది.”

“కూర సంగతి తెలిసినాది. ఆ మబ్బు సంగతే తెల్డం నేదు. మబ్బులోంచి గెడ్డకి నీళ్ళొస్తాయి గాని, గెడ్డ లెక్క మబ్బులోకి ఎల్లడమేటిరా?”

“ఎల్లింది మళ్ళీ దిగాల కదా నాన్నా. దింపీదే నా పని.”

అప్పలస్వామి నక్కలగెడ్డ కాజువే దగ్గర లస్కరు. ముప్ఫయ్యొక్కేళ్ళుగా గట్టున కూర్చుని నీళ్ళను చూడడమే ఆయన ఉద్యోగం. రాతి మీద గీసిన ఎర్రగీత దాకా నీరొస్తే వెదురు వాసాన్ని దారికడ్డంగా దింపి, ఎర్రగుడ్డ కట్టి, ఈల ఊదుతాడు. రోజూ పొద్దున్న ఎనిమిదీ నలభై ఐదుకు సూరిగాడి ఆటో నక్కలవలస నుంచి పదకొండుమంది బడిపిల్లలను వేసుకుని ఆ కాజువే దాటుతుంది. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఆ గట్టున కమిటీ ఫొటో దిగే అవసరం ఒక్కసారీ రాలేదు.

జులై ముప్ఫయ్యొకటిన అప్పలస్వామి రిటైరు. రియల్ టైమ్ వచ్చింది గనక ఆ రోజుతో లస్కరు పోస్టే రద్దు. ఆగస్టు ఒకటి నుంచి ఆ గట్టున మనిషి ఉండడు. ఉండేది గేజి, గేటు, పైడిరాజు కనెక్టరు.

“నీ కుర్చీ నేనే లాగీసినట్టయింది నాన్నా,” అన్నాడు పైడిరాజు.

“పోన్లేరా. బయటోడికి పోనేదు కదా. అయితే ఒకటి బాబూ, పిల్లలాటో. అదొక్కటీ మరిసిపోకు.”

జూన్ పదో తారీకున ప్రదర్శన పెట్టారు. గోడంత తెర మీద రాష్ట్రపటం. పైడిరాజు మీట నొక్కాడు. నాలుగు సెకన్లకు నక్కలగెడ్డ దగ్గర 0.42 మీటర్లు అని వెలిగింది. చప్పట్లు మోగాయి.

“దిస్ ఈజ్ ఇట్!” అన్నారు డైరెక్టరు గారు. “ఫీల్డులో నీటిబొట్టు కదిలితే ఇక్కడ గ్రాఫు కదలాలి. డేటా డ్రివెన్. ఫ్యూచర్ రెడీ.”

చప్పట్లు ఆగాక వెనక వరసలోంచి సూపరింటెండెంటు చిరువోలు మృత్యుంజయం గారు లేచారు. ఆయన లేస్తే పక్కవాళ్ళు కూర్చుంటారు. అంత అనుభవం.

“చాలా సంతోషము. ఈ సున్నా పాయింటు నలభై రెండు మన కార్యాలయములోనికి ఎప్పుడు ప్రవేశించినట్టు?”

“ఇప్పుడే సార్. నాలుగు సెకన్లయింది.”

“ఇన్‌వార్డు నంబరు?”

“నంబరు లేదు సార్. క్లౌడ్ నుంచి నేరుగా...”

“నేరుగా!” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఈ కార్యాలయములోనికి నేరుగా వచ్చినది ఒక్క పిల్లి, పైడిరాజూ. దానిమీద కూడా ఫైలు తెరిచాము.”

ఆయన డైరెక్టరు గారి వైపు తిరిగారు.

“సార్, తమకు తెలియనిది కాదు. సమాచారమనగా తపాలు. తపాలుకు తేదీ ముద్ర, వరుస సంఖ్య, పొట్టి సంతకము ఉండవలెను. ఈ మూడూ లేనిది సమాచారము కాదు, వదంతి. వదంతిని గ్రాఫుగా గీసినచో రేపు శాసనసభలో ప్రశ్న వస్తే జవాబెవరిది?”

శాసనసభ అన్న మాట వినగానే డైరెక్టరు గారి ఫ్యూచర్ రెడీ కొంచెం తగ్గింది. “వ్యాలిడ్ పాయింట్,” అన్నారు.

“సార్, నంబరు కంప్యూటరే వేసుకుంటుంది,” అన్నాడు పైడిరాజు. “చిటికెలో పని.”

మృత్యుంజయం గారు జాలిగా నవ్వారు. “వేస్తుంది నాయనా. తప్పు వేస్తే దానికి మెమో ఇవ్వగలమా? ఇంక్రిమెంటు ఆపగలమా? కనీసము మూలసీటుకు మార్చగలమా? శిక్షించ వీలులేని వాడికి నంబరు వేసే అధికారము ఎట్లా ఇస్తాము?”

కార్యాలయ నిబంధనలన్నిటినీ యథాతథంగా కనెక్టరులో పొందుపరచవలెనని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది.

పైడిరాజు చెప్పిన పని చేసే కుర్రాడు. గోధుమరంగు అట్ట నిబంధనల పుస్తకం ముందు పెట్టుకుని నూట పద్నాలుగు నిబంధనలనూ ఒక్కటి వదలకుండా ప్రోగ్రాములోకి ఎక్కించాడు. అర్థంకానివి ఇన్‌వార్డు సీటులోని నాగరత్నం గారిని అడిగేవాడు. ఆవిడ పాతికేళ్ళుగా ముద్ర కొడుతున్న మనిషి. మాట్లాడుతున్నా ముద్ర ఆగదు.

“మేడమ్‌గారూ, తొంభయ్యొకటో నిబంధన ఏంటండీ?”

“డి.ఓ. ఉత్తరాలు బాబూ.” ఆవిడ ఒక కవరు తీసి, ముద్ర కొట్టకుండా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళే ట్రేలో పడేసింది. “ఇదిగో ఇలాంటివి. ఆఫీసుకి రాస్తే తపాలండి. ఆఫీసరుకి పేరు పెట్టి, ప్రియమైన ఫలానా గారికి అని రాస్తే సొంత ఉత్తరం. దాన్ని మనం ముట్టుకోకూడదు. నంబరూ లేదు, వరసా లేదు. నేరుగా వారి బల్ల మీదకే.”

“మృత్యుంజయం సార్‌కి నేరుగా అంటే పడదు కదండీ?”

“పుస్తకంలో ఉంటే పడుతుంది నాయనా. పుస్తకంలో ఉంటే ఆయనకి విషం కూడా పడుతుంది.”

పైడిరాజు అదీ ఎక్కించాడు. అతని ప్రోగ్రాములో ఆఫీసరు బల్ల అంటే డ్యాష్‌బోర్డే, అంటే గ్రాఫులు గీసే ఆ సాఫ్ట్‌వేరు తెరే. తొంభై రెండోదీ ఎక్కించాడు: పేరు పెట్టి రాసిన ఉత్తరానికి అధికారి స్వహస్తాలతో జవాబు రాయవలెను.

జూన్ ఇరవైన కనెక్టరు కొత్త అవతారంలో మొదలైంది. క్లౌడ్ నుంచి అంకె దిగుతుంది. వెంటనే ప్రింటవుతుంది. దానిమీద నాగరత్నం గారు ముద్ర కొట్టి, నంబరు వేస్తారు. గుమాస్తా నోటు రాస్తాడు. ‘పై తపాలును చిత్తగించవలెను. నక్కలగెడ్డ తన మట్టము 0.42 మీటర్లని సమర్పించుకొన్నది. ఆమోదించినచో గ్రాఫు నందు చుక్క పెట్టవచ్చును.’ దాన్ని సూపరింటెండెంటు చూసి పైకి పంపుతారు. డైరెక్టరు గారు పొట్టి సంతకం చేస్తారు. ఆ తర్వాత అంకెను మళ్ళీ కంప్యూటరులో కొడితే అప్పుడు కంటైనరు మూత తెరుచుకుని, చుక్క పడుతుంది.

ఒక్కో గేజి రోజుకు రెండు వందల ఎనభై ఎనిమిది అంకెలు. రెండు వందల పద్నాలుగు గేజిలకు అరవయ్యొక్క వేల ఆరువందల ముప్ఫై రెండు. మొదటిరోజు సాయంత్రానికి నాలుగు వందల పదకొండు చుక్కలు పడ్డాయి. నాగరత్నం గారి మణికట్టు వాచింది.

“స్కేల్ అప్ చేద్దాం,” అన్నారు డైరెక్టరు గారు.

ఊళ్ళో ముహూర్తాలు లేని రోజులు గనక ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. భోజనాల బల్లలు వరసగా వేసి నూట నలభైమందిని కూర్చోబెట్టారు. గుమ్మానికి గత పెళ్ళి తాలూకు ‘మీ రాక మాకెంతో సంతోషం’ అట్టముక్క అలాగే ఉండిపోయింది. అందరినీ ఒక్క చూపులో చూడాలంటే ఎత్తయిన ఆసనం కావాలి గనక మృత్యుంజయం గారు వేదిక మీద పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చున్నారు. పక్క కుర్చీలో నిబంధనల పుస్తకం. వచ్చే పోయేవాళ్ళు అలవాటుకొద్దీ దణ్ణం పెట్టి వెళ్ళేవారు.

అప్పటికీ లాభం లేకపోయింది. ఒక అంకె క్లౌడ్ నుంచి గ్రాఫుకు చేరడానికి పదకొండు రోజులు పట్టేది. నూట నలభైమందీ ఉన్నారు గనక తొందరపడవలసిన పని లేదు.

అంతలో ఇంకో చిక్కొచ్చింది. జూన్ ఇరవై నాలుగున నక్కలగెడ్డ ఐదు నిమిషాల్లో మూడు సెంటీమీటర్లు పెరిగింది. పదకొండు రోజులయ్యాక అది గమనించిన గుమాస్తా ఫైలు మీద అడిగాడు. ‘గత మట్టమునకు, ప్రస్తుత మట్టమునకు వ్యత్యాసము కలదు. ముందస్తు అనుమతి లేక పెరిగినట్లు కానవచ్చుచున్నది. సంజాయిషీ కోరవచ్చును.’ కోరారు. గెడ్డకు పంపిన మెమోను గట్టున ఉన్న లస్కరుకు అందజేశారు.

ఆ సాయంత్రం అప్పలస్వామి ఫోను. “ఒరే బాబూ, గెడ్డ ఎందుకు పెరిగినాదో మూడు రోజుల్లో సెప్పాలట. ఏటి రాయమంటావు?”

“ఉన్నదే రాయి నాన్నా.”

ఆయన వంకర అక్షరాలతో ‘వాన పడినాది’ అని రాసి పంపాడు. దానిమీద మృత్యుంజయం గారు, ‘సదరు వాన ఎవరి ఉత్తర్వుల మేరకు పడినదో తెలియపరచలేదు. వివరణ అసంతృప్తికరము’ అని రాశారు.

జులై నడిమికి వానలు దంచికొట్టాయి. డ్యాష్‌బోర్డులో మాత్రం జులై మొదటివారపు పొడిరోజులు నడుస్తున్నాయి. ఒకనాడు మధ్యాహ్నం డైరెక్టరు గారు పై అధికారులతో సమీక్షకు బయల్దేరారు. బయట కుండపోత. డ్రైవరు గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“గొడుగెందుకు?” అన్నారు డైరెక్టరు గారు.

“వాన సార్.”

“డ్యాష్‌బోర్డు చూశావా? వాన లేదు.”

“పడతంది కదండి.”

“అది ఇంకా ప్రాసెస్ కాలేదు,” అంటూ తడుస్తూ కారెక్కారు. పక్కనే ఉన్న మృత్యుంజయం గారు గొడుగు మడిచి, ఆయన వెనకాలే తడిశారు. ఆ రోజు నుంచి ఆఫీసులో ఇన్‌వార్డు కాని వానను ‘అనధికార వాన’ అనడం మొదలైంది. అనధికార వానలో తడిసి ఆలస్యంగా వచ్చినవాళ్ళకు అరపూట సెలవు కొట్టేశారు.

“రేపు జలుబు చేస్తే అధికారికమా అనధికారికమా చూసుకుని తుమ్మాలి కాబోలు,” అంది నాగరత్నం గారు ముద్ర కొడుతూ.

పైడిరాజుకు నవ్వు రాలేదు. జులై ఎనిమిదిన నక్కలగెడ్డ ఎర్రగీత దాటితే అప్పలస్వామి వాసం దింపి ఆటోను ఆపాడు. ఆ ఎనిమిదో తారీకు అంకె పందొమ్మిదిన గ్రాఫుకెక్కింది. పందొమ్మిదిన నిప్పులు చెరిగే ఎండలో, మోకాటిలోతు కూడా నీళ్ళు లేని గెడ్డ మీద సైరన్ కూసి, ఇనపగేటు పడింది. సూరిగాడి ఆటో ఆ పూటంతా ఇవతలే ఉండిపోయింది. ఎండకు పడ్డ గేటు వానకు పడకపోతే ఎలాగ?

జులై ఇరవై తొమ్మిదిన పైడిరాజు ఫంక్షన్ హాలుకు వెళ్ళి, వేదిక కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సార్, ఎర్రగీత దాటిన అంకెలు మాత్రం ముందు వదులుదాం సార్. అర్జెంటు కింద.”

“అర్జెంటా? ఎర్రఫ్లాగు పెట్టుకో. ఎవరు వద్దన్నారు?”

“పోయిన వారమే పెట్టాం సార్. మిగతా సీట్లవాళ్ళు మాదేం తక్కువని అన్నిటికీ పెట్టేశారు. ఇప్పుడు అరవై వేలకీ ఎర్రఫ్లాగే.”

“చూశావా! అందరికీ సమాన న్యాయము జరిగినది.”

“లస్కరు ఎల్లుండి తర్వాత ఉండడు సార్. కనెక్టరు సరిగ్గా నడిచేదాకా ఆ పోస్టు ఉంచమని ఒక్క నోటు...”

“ఏమయ్యా పైడిరాజూ, ఆ లస్కరు నీ తండ్రిట కదా?” మృత్యుంజయం గారు గొంతు తగ్గించారు. చెడ్డమనిషి కాదు. నిజంగానే బాధపడ్డారు. “తండ్రి పోస్టు కోసము కొడుకు నోటు పెట్టరాదు. నిబంధన నలభై. అయినా రియల్ టైము వచ్చిన తరువాత మనిషెందుకు?”

ముప్ఫయ్యొకటిన అప్పలస్వామి వాసం, ఎర్రగుడ్డ, ఈల అప్పగించి రసీదు తీసుకున్నాడు. వాసాన్ని ‘నిరుపయోగము’ అని రాసుకుని జీపులో వేసుకుపోయారు.

ఆగస్టు ఒకటి. పొద్దున్న ఎనిమిదీ ఇరవై. పైడిరాజు తన కంప్యూటరులో క్లౌడ్‌లోని పచ్చి అంకెలు చూశాడు. అవి చూడడానికి నంబరు అక్కర్లేదు, ఎందుకంటే ఎవరూ చూస్తారని ఎవరూ అనుకోలేదు. కొండల మీద తెల్లవారుజాము నుంచీ వాన. నక్కలగెడ్డ 1.38. మరో ఐదు నిమిషాలకు 1.61. ఎర్రగీత ఒకటిన్నర.

తండ్రికి ఫోను చేశాడు.

“జిల్లా ఆఫీసులో ఉన్నాను బాబూ, పింఛను కాయితాలకి రమ్మన్నారు. ఏటి, ఏటైనాది?”

“గెడ్డ పెరిగిపోతంది నాన్నా. గట్టున ఎవరున్నారు?”

“ఎవులూ నేరు. నిన్ననే కదా అప్పజెప్పీసినాను. ఒరే, ఆటో...”

సూరిగాడికి చేశాడు. మోగలేదు. వాన పడితే ఆ ఊళ్ళో ముందు పడుకునేది సెల్ టవరే. గేజికి ఉపగ్రహం ఉంది. మనుషులకు లేదు.

ఎనిమిదీ ముప్ఫై. 1.79. పైడిరాజు కంప్యూటరు చంకన పెట్టుకుని రోడ్డు దాటి ఫంక్షన్ హాల్లోకి పరుగెత్తాడు. అక్కడ నూట నలభైమందీ జులై ఇరవయ్యొకటి మీద పనిచేస్తున్నారు.

“సార్! నక్కలగెడ్డ దాటేసింది సార్. పావుతక్కువ తొమ్మిదికి పిల్లలాటో. ఒక్క నంబరు సార్, ఒక్కటి!”

“ఇవాళ్టిదా?” మృత్యుంజయం గారు వేళ్ళు లెక్కపెట్టారు. “ఆగస్టు పన్నెండుకు వస్తుంది. మధ్యాహ్నం లోపు చూద్దాము.”

“సార్, పిల్లలు సార్!”

“నాకు పిల్లలు లేరా నాయనా? వరుస తప్పితే వ్యవస్థ ఉండదు. వ్యవస్థ లేకపోతే పిల్లలు మటుకు ఉంటారా?”

సరిగ్గా అప్పుడే అటెండరు చేతిలో పసుపు అంచు కవరుతో వేదిక పక్కనుంచి నడిచి వెళ్ళాడు. ఎవరిదో పెళ్ళి శుభలేఖ. డైరెక్టరు గారికి పేరు పెట్టి వచ్చింది. నూట నలభై బల్లలు దాటుకుని, ఒక్క ముద్రా పడకుండా, ఎవరి దగ్గరా ఆగకుండా వెళ్ళిపోయింది.

నాగరత్నం గారు తల ఎత్తలేదు. ముద్ర ఆపలేదు. “పేరు పెట్టి రాసినవాళ్ళదే అదృష్టం బాబూ,” అంది.

పైడిరాజు అక్కడే, అరిటాకులు పరిచే బల్ల మీద కంప్యూటరు పెట్టాడు. నిబంధన తొంభయ్యొకటి లోపల ఉంది. తనే రాశాడు. ఇన్నాళ్ళూ దాన్ని తట్టినవాళ్ళు లేరు. అంకె కిందా మీదా నాలుగు ముక్కలు చేర్చితే చాలు. ఉత్తరాలు రాయడం అతనికి బడిలో నేర్పిన పద్ధతి ఒక్కటే తెలుసు. అదే రాశాడు.

‘ప్రియమైన శ్రీ చైతన్యవర్మ గారికి, నమస్కారములు. తమరు కుశలమని తలుస్తాను. నేను ఇక్కడ 1.94 మీటర్లు ఉన్నాను. ఇట్లు తమ నక్కలగెడ్డ.’

మీట నొక్కాడు. ఎనిమిదీ నలభై మూడు. కంటైనరు ఉత్తరాన్ని చదివింది. పేరుంది. ముద్ర అడగలేదు, నంబరు అడగలేదు, వరస అడగలేదు. నేరుగా బల్ల మీద పెట్టింది. నాలుగు సెకన్లు.

తర్వాత గంటసేపు ఏమీ తెలియలేదు. పైడిరాజు బల్ల దగ్గర నుంచి కదలలేదు. పక్కన నాగరత్నం గారు, పాతికేళ్ళలో మొదటిసారి, ముద్ర ఆపి కూర్చుంది. తొమ్మిదీ నలభై ఐదుకు ఫోను మోగింది.

“బాబూ, టవరొచ్చినాది. సూరిగాడు మాటాడినాడు. కాజువే మీదకి సెక్రం పెట్టబోతంటే సైరనూ, గేటూ ఒకటేసారట. మళ్ళీ పాత వాన గేటేనని నిన్ను నానా బూతులూ తిట్టినాడట. తిడతా తిడతా బీడీ ముట్టించినాడు. బీడీ అవకముందే కాజువే ములిగిపోనాదట.” ఆయన ముక్కు చీదుకున్నాడు. “పదకొండుమందీ ఇళ్ళకెళ్ళిపోనారు. బడి ఎగ్గొట్టినామని ఒకటే సంబరమట గుంటలకి.”

పదకొండింటికి విచారణ. ఆగస్టు ఒకటో తారీకు చుక్క జులై ఇరవయ్యొకటి పక్కన పడడం వల్ల గ్రాఫు చెడిందని అభియోగం.

“డి.ఓ. ఉత్తరము సమాన హోదా కలవారు మాత్రమే రాయవలెను,” అన్నారు మృత్యుంజయం గారు. “గెడ్డ హోదా ఏమి?”

“జిల్లా గెజిటులో దాని పేరుంది సార్. నీటివనరుల జాబితా, మూడో పేజీ,” అంది నాగరత్నం గారు. “గెజిటెడ్ కిందకే వస్తుందండి.”

మృత్యుంజయం గారు పుస్తకం తెప్పించి చూసుకున్నారు. ఉంది. ఆయన ముఖం విచ్చుకుంది. పుస్తకంలో ఉన్నదాన్ని ఆయన ఎన్నడూ ద్వేషించలేదు.

డైరెక్టరు గారు మాత్రం ఆ ఉత్తరాన్నే చూస్తూ ఉండిపోయారు. “పద్నాలుగేళ్ళ సర్వీసులో,” అన్నారు మెల్లగా, “నన్ను కుశలమా అని అడిగిన మొదటి ఫీల్డ్ యూనిట్ ఇదే. మిగతావాళ్ళకి ఏం రోగం? అందరినీ రాయమనండి.”

ఆ మధ్యాహ్నం నుంచి రెండు వందల పద్నాలుగు వాగులూ గెడ్డలూ ఐదు నిమిషాలకోసారి డైరెక్టరు గారి కుశలం అడగడం మొదలుపెట్టాయి. డ్యాష్‌బోర్డు నిజంగానే రియల్ టైమ్ అయింది. బయట చినుకు పడితే లోపల గీత లేచేది. డ్రైవరు గొడుగు పట్టుకోవచ్చునని ఉత్తర్వు వచ్చింది.

అయితే నిబంధన తొంభై రెండు ఉంది కదా. పేరు పెట్టి రాసినవారికి స్వహస్తాలతో జవాబు. డైరెక్టరు గారు తక్కిన పనులన్నీ మాని సంతకాలకు కూర్చున్నారు. ఫంక్షన్ హాల్లోని నూట నలభైమందీ గెడ్డలకు జవాబులు రాసే విభాగమయ్యారు. ఎవరి కొలువూ పోలేదు. జవాబులకు అవుట్‌వార్డు నంబరు, ముద్ర, వరస అన్నీ ఉంటాయి గనక మృత్యుంజయం గారు పెళ్ళికొడుకు కుర్చీలోనే సుఖంగా ఉన్నారు. జవాబు పదకొండు రోజులు ఆలస్యమైనా గెడ్డలు ఏమీ అనుకోవు.

వారం తిరక్కుండా చివరి చిక్కు బయటపడింది. జవాబు అందినట్టు సంతకం కావాలి. గెడ్డ సంతకం పెట్టదు. దాని తరఫున తీసుకునే బాధ్యతగల మనిషి గట్టున ఉండవలెనని, అతడు పగలల్లా అక్కడే కనిపెట్టుకుని ఉండవలెనని మృత్యుంజయం గారు స్వయంగా నోటు పెట్టారు. రద్దయిన లస్కరు పోస్టులన్నీ ‘జలవనరుల ఉత్తర ప్రతిగ్రహీత’ అన్న పేరుతో తిరిగి మొలిచాయి. అనుభవం ఉన్నవారికి వయసు సడలించారు. జీపులో పోయిన వెదురు వాసం కూడా జీపులోనే తిరిగొచ్చింది.

ఆగస్టు నెలాఖరున అప్పలస్వామి ఫోను చేశాడు. వెనక నుంచి నీళ్ళ హోరు వినిపిస్తోంది.

“మొదటి ఉత్తరం వచ్చినాది బాబూ. సంతకం పెట్టి తీసుకున్నాను. అందినాక గెడ్డకి సదివి వినిపించాలని రూలుందట, నిజమేటి?”

“నిబంధన తొంభై మూడు నాన్నా. నేనే ఎక్కించాను.”

“అయితే ఇను, సరిగ్గా సదువుతున్నానో నేదో.” ఆయన గొంతు సవరించుకుని కూడబలుక్కుని చదివాడు. “ప్రియమైన నక్కలగెడ్డ గారికి. తమ లేఖ అందినది. తమరు 1.94 మీటర్లకు చేరుకొన్నందుకు హృదయపూర్వక అభినందనలు. తమరు ఇట్లే దినదినాభివృద్ధి చెందుతూ, మునుముందు మరిన్ని ఉన్నత శిఖరములు అధిరోహించవలెనని మనసారా ఆకాంక్షిస్తూ...”

అక్కడ ఆగిపోయాడు. కాగితం మడుస్తున్న చప్పుడు వినిపించింది.

“రూలుంటే ఉండనీరా బాబూ,” అన్నాడు అప్పలస్వామి. “ఈ ముక్క మాత్తరం నాను దానికి సదవను.”